మామయ్య తాగొచ్చిన బేరం

అమ్మ బకెట్టు వంచుతోంది. నేను గిన్నె మీద గుడ్డ బిగించి పట్టుకున్నాను. పాలు దిగిపోతుంటే గుడ్డ మీద రెండు గడ్డిపరకలూ ఒక వెంట్రుకా మిగిలాయి.

"జారుతోంది, గట్టిగా పట్టుకో రాఫిలా," అంది అమ్మ.

అంతలో కుక్క మొరిగింది. మా ఊళ్లో ఏ బండి వచ్చినా చర్చి మలుపు దగ్గరే అది ఎవరిదో చప్పుడుని బట్టి చెప్పేస్తాం. ఈ బండి మాత్రం కుక్క మొరిగేదాకా వచ్చినట్టే తెలియలేదు.

"వచ్చేశాడు," అంది అక్క, కిటికీలోంచి చూస్తూ. పొద్దున్నించీ తను కూర్చోలేదు. ఫారెస్టు గార్డు యూనిఫారమ్ ఒంటి మీదే ఉంది, శనివారమైనా సరే.

మా అక్క జంఫీర. ఊరి అడవికి గార్డు. ఆ అడవి సర్కారుది కాదు, అరవై మూడు ఇళ్లవాళ్లది. వాటికో సంఘం ఉంది, దానికి పదకొండేళ్లుగా పెద్ద మా గ్లిగోర్ మామయ్య. అమ్మకి అన్న. అత్తయ్య పోయాక మా ఇంట్లోనే తింటాడు కాబట్టి సంఘం మాటలన్నీ మా వంటింట్లోనే జరుగుతాయి.

ఆరేళ్లుగా అక్క పాత జీపులో కొండ ఎక్కేది. ఆ జీపు మా అమ్మ పెళ్లినాటిది, పైన కాన్వాసు గుడ్డ, తలుపులు తాడుతో కట్టినవి. మొన్న వసంతంలో వాగు దాటుతుండగా దాని అడుగు చట్రం రెండుగా విరిగింది. అప్పట్నించీ అక్క నడిచే వెళ్తోంది. తెల్లరాయి గట్టుకి నాలుగు గంటలు. కలప దొంగల పికప్పులు అక్కడికి నలభై నిమిషాల్లో ఎక్కుతాయి. సెప్టెంబరులో ఒక్క రోజులో నలభై ఒక్క దేవదారు చెట్లు కొట్టుకుపోయారు. అక్క చేరేసరికి మొదళ్ల మీద జిగురు ఇంకా ఆరలేదు. ఆ రోజు ఇంటికొచ్చి మొక్కజొన్న సంకటి ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా తినలేదు.

సంఘం కొత్త బండి కొందామంది. అక్క ముందే పట్నం వెళ్లి చూసొచ్చింది. పట్నం బైట పెద్దరోడ్డు మీద రెండు షోరూములు ఎదురెదురుగా ఉంటాయి. చైనా బండ్లు దిగాక వాటి మధ్య పోటీ మరీ ముదిరింది. పొద్దున ఒకరు ధర తగ్గిస్తే మధ్యాహ్నానికి రెండోవాళ్లు ఇంకా పెద్ద బ్యానరు కడతారు. ఎడమ పక్క షోరూములో అక్క ఒక పికప్పు ఎంచుకుంది. ఇనుప చక్రాలు, లోపల రబ్బరు చాపలు, రాళ్ల మీద మెల్లగా పాకడానికి వేరే లో గేరు, వెనక రంపాలూ మొక్కలూ లేళ్లు నాకడానికి పెట్టే ఉప్పురాళ్లూ పట్టేంత తొట్టి. టార్చి తీసుకుని దాని కిందికి దూరి పడుకుందట. అక్కడి కుర్రాడొచ్చి, "ఏమైనా పడిపోయిందా మేడమ్?" అన్నాడట.

సంతకం పెట్టాల్సింది మామయ్య కాబట్టి సోమవారం మామయ్యా, సంఘంలోని ఇలారీ తాతా కలిసి వెళ్లారు. "ఎడమ పక్కది మామయ్యా, ఎడమ పక్కది," అని అక్క గేటు దాకా చెబుతూనే ఉంది.

వాళ్లు ఎడమ పక్కకే వెళ్లారు. కానీ వాన పడుతోంది. బండి దిగుతుండగా కుడి పక్క షోరూమువాడొకడు గొడుగేసుకుని రోడ్డు దాటి వచ్చాడు. మామయ్యని ఆ గొడుగు కిందే అటు నడిపించుకుపోయాడు. కాఫీ ఇచ్చాడు. పెద్ద ఎస్.యు.వి. ఒకటి చూపించి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మీట నొక్కితే సీటు వెచ్చబడింది. మామయ్యకి నడుం నొప్పి మొదలై తొమ్మిదేళ్లు. ఆ సీటు సంగతి ఇంటికొచ్చాక మాకు నాలుగుసార్లు చెప్పాడు.

అదొక్కటే అయితే పోనిద్దుము. మా దగ్గర దూడని అమ్మినా ఇల్లు అమ్మినా, బేరం కుదిరాక అమ్మేవాడూ కొనేవాడూ కలిసి ఒక గుక్క సారా తాగాలి. దాన్ని అల్దమాష్ అంటాం. తాగకముందు వందసార్లు మాట మార్చుకోవచ్చు. ఇద్దరూ తాగాక మార్చకూడదు. ముప్పై ఏళ్ల కింద ఒకాయన పెయ్యదూడ విషయంలో తాగి మాట తప్పాడు. ఇప్పటికీ ఆయన మనవడు ఏదైనా అమ్మబోతే, "మీ తాత దగ్గర నేర్చుకున్నావా?" అంటారు. ఆ అలవాటుకొద్దీ మామయ్య కోటు లోపలి జేబులోంచి సీసా తీసి, షోరూము కాగితపు కప్పుల్లో ప్లమ్ పండ్ల సారా పోశాడు. కాగితాల మీద సంతకం కాలేదు. బండిని ఒక్క రాయి కూడా ఎక్కించి చూడలేదు. తాగి వచ్చేశాడు.

నాలుగు రోజులు అక్క మామయ్యతో మాట్లాడలేదు. మామయ్యకి ఉప్పు కావాలంటే నన్ను అడిగేవాడు, అక్క చేతి పక్కనే ఉన్నా.

ఇవాళ ఆ షోరూమువాడు బండినీ కాగితాలనీ తీసుకుని తనే వచ్చాడు. పేరు సెప్టిమియు. ముప్పై దాటవు. సన్న బూట్లు. మా వాకిట్లో ఎక్కడ అడుగెయ్యాలా అని చూసుకుంటూ నడిచాడు. వెనకే మామయ్య, ఇలారీ తాత వచ్చారు.

బండి తడిసిన పలక రంగులో ఉంది. అందంగానే ఉంది, అబద్ధమెందుకు. మా కోళ్లు దాని తలుపులో తమ మొహాలు చూసుకున్నాయి.

"దీనితో ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు మేడమ్," అన్నాడు సెప్టిమియు.

"తెల్లరాయి గట్టుకి వెళ్దాం పద," అంది అక్క.

"ఇప్పుడా?"

"దొంగలు మనకి కబురు పెట్టి రారుగా."

అతను మామయ్య వైపు చూశాడు. "ఇది ఇంకా మీ పేరు మీదికి రాలేదు కదా మామా. గీత పడితే నేను కట్టాలి."

అక్క లోపలికొచ్చి పాల బకెట్టు పట్టుకెళ్లింది. బండి పక్కన పెట్టింది. "మా వాగులో రాళ్లు ఈ బకెట్టంత ఎత్తు. ఇది బండి కింద ఈ పక్క దూరి ఆ పక్కకి వస్తే నేనే సంతకం పెట్టిస్తాను."

కాలితో తోసింది. బకెట్టు అంచు బండి కిందికి తగిలి ఠంగుమంది.

"మేడమ్, ఇది బకెట్ల మీంచి వెళ్లడానికి చేసింది కాదు."

"మా కొండ మీంచి వెళ్లడానికీ చేసింది కాదు."

ఇలారీ తాత వంగి చూసి, "పిల్లి దూరుతుంది," అన్నాడు. "చిన్న పిల్లి అయితే."

మామయ్య నవ్వలేదు. బకెట్టు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

సెప్టిమియు ఓర్పుగలవాడే. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. చలికాలం టైర్లు ఉచితం. పైన సామాను కమ్మీలు ఉచితం. వెనక అద్దానికి కెమెరా. "ఎదురుగా ఉన్నవాళ్లు ఇవన్నీ ఇస్తారా చెప్పండి? వాళ్లు అమ్మేది బండి కాదు, సీట్లు పెట్టిన ట్రాక్టరు."

"నాకు కావాల్సిందదే," అంది అక్క.

"ఆడవాళ్లకి అది చాలా బరువు మేడమ్, స్టీరింగూ అదీ."

అమ్మ అంది, గుమ్మంలోంచి: "ఆ పిల్ల పోయినేడు చచ్చిన అడవిపందిని ఒక్కతే బండిలోకెక్కించింది నాయనా. నువ్వు బూట్లు తుడుచుకుని లోపలికి రా."

మగవాళ్లు ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు, అక్క గోడకి ఆనుకుని నిలబడింది. అమ్మ గొర్రెపాల జున్నూ ఉల్లిపాయా పెట్టి, చిన్న గ్లాసుల్లో సారా పోసింది. సెప్టిమియు తన గ్లాసు మీద అరచెయ్యి మూసి, కాగితాలు పరిచాడు. ఎక్కడ సంతకం పెట్టాలో పసుపు కాగితపు ముక్కలు అంటించి ఉన్నాయి. మామయ్య జేబులోంచి రేకు డబ్బా తీశాడు. అందులో సంఘం గుండ్రటి ముద్ర ఉంటుంది. మూత తీసి బల్ల మీద పెట్టాడు గానీ ముద్ర చేతిలోకి తీసుకోలేదు.

"మామయ్యా," అంది అక్క. నాలుగు రోజుల తరవాత మొదటి మాట. "సీటు వెచ్చబడితే దొంగలు కొండ దిగొస్తారా?"

"నాకు తెలీదా?" అన్నాడు మామయ్య మెల్లగా. "నేనూ ఆ వాగు దాటినవాడినే. బకెట్టు పెట్టి చూపించక్కర్లేదు నాకు."

"మరి?"

"తాగాను."

"నువ్వు తాగావు. అరవై మూడు ఇళ్లు తాగలేదు."

"ఆ ఇళ్ల తరఫునే తాగాను. రేపు కలప వేలంలో నా మాట ఎవడు నమ్ముతాడు? గ్లిగోర్ తాగి కూడా మాట తప్పుతాడంటే మన మొద్దు ఎవడు కొంటాడు?"

"అయితే తీసుకోండి," అంది అక్క. గొంతు పెంచలేదు. "బండి తీసుకోండి. దాని తాళం మాత్రం నా చేతికివ్వద్దు, నేను ముట్టుకోను. నడిచే వెళ్తాను. ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి ఆ వారం ఎన్ని చెట్లు పోయాయో పైకి చదువుతాను. ఎవరి చెట్లో కూడా చదువుతాను. నన్ను తీసేస్తారా, తీసెయ్యండి. తీసేసినా చదువుతాను."

"ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో గానీ," అన్నాడు ఇలారీ తాత, అమ్మ వైపు చూస్తూ. అమ్మ జున్ను ముక్కలు కోస్తూనే ఉంది.

సెప్టిమియు కలం మామయ్య వైపు జరిపాడు. "మామా, ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోండి. నేను నాలుగింటికల్లా షోరూములో ఉండాలి. ఈ నెలలో ఎదుటివాళ్లు నాకన్నా రెండు బండ్లు ఎక్కువ అమ్మారు."

అమ్మ అతని గ్లాసు వైపు చూపించి, "ఒక్క చుక్కైనా తీసుకో బాబూ. మా చెట్ల కాయలే," అంది.

"వద్దండీ, రిజిస్ట్రేషనుకి ఈ బండి మళ్లీ నేనే పట్నం దాకా నడపాలి. దారిలో పోలీసులు గాలి ఊదించి చూస్తారు, ఒక్క చుక్క దొరికినా లైసెన్సు పోతుంది. నేను స్టీరింగు పట్టే రోజు ముట్టుకోను."

నేను పొయ్యి పక్కన నిలబడి ఉన్నాను. సాధారణంగా అలాంటి చోట నేను మాట్లాడను. మా టీచరు కూడా అమ్మతో అనేది, ఈ పిల్లకి సమాధానం తెలుసు, చెయ్యి మాత్రం ఎత్తదు అని. కానీ అతను గ్లాసు మీద పెట్టిన చెయ్యి నేను చూస్తూనే ఉన్నాను. కూర్చున్నప్పట్నించీ తియ్యలేదు.

"సోమవారం కూడా మీరు బండి నడిపారా?" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు, నేనొకదాన్ని ఉన్నానని అప్పుడే తెలిసినట్టు. "రోజూ నడుపుతాను చెల్లెమ్మా. ఇంటికి ముప్పై కిలోమీటర్లు."

"మరి మామయ్య పోసింది?"

"అదా?" అతను నవ్వాడు. మామయ్య వైపు వంగి, తనకీ ఆయనకీ మధ్య సరదా మాటలాగా చెప్పాడు. "మామా, మీరేం అనుకోవద్దు. మీ మనసు నొప్పించడం ఇష్టంలేక పెదాలకి ఆనించానంతే. మీరు అటు తిరిగి సీటు మీట చూసుకుంటున్నప్పుడు పక్కనున్న కుండీలో పోసేశాను. ప్లాస్టిక్ మొక్కే లెండి, దానికేం కాలేదు."

ఇలారీ తాత నమలడం ఆపాడు.

అమ్మ చేతిలో కత్తి ఉల్లిపాయ మీద ఆగింది. అక్క గోడకి ఆనుకుని ఉన్నదల్లా నిటారుగా నిలబడింది.

"తాగలేదా?" అన్నాడు మామయ్య.

"డ్యూటీలో ఎలా తాగుతాను మామా? పైన కెమెరాలుంటాయి."

"నేను పోసింది కుండీలో పోశావు."

"అయ్యో, దానికేముంది? మన బేరం ఈ సంతకంతో కదా." అతను పసుపు ముక్క మీద వేలు పెట్టి చూపించాడు. "కావాలంటే రబ్బరు చాపలు కూడా వేయిస్తాను. మంచివి."

ఇలారీ తాత గొంతు సర్దుకున్నాడు. "నా కప్పులోది మాత్రం నేను తాగాను," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "కానీ నేను కొనేవాణ్ణీ కాదు, అమ్మేవాణ్ణీ కాదు."

మామయ్య కాగితాల వైపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అప్పుడు మామయ్య తన ముందున్న గ్లాసు ఎత్తాడు. తాగుతాడనుకున్నాను. సీసా బిరడా తీసి, గ్లాసులో సారా తిరిగి సీసాలోకి ఒంపాడు, ఒక్క చుక్క బల్ల మీద పడకుండా. బిరడా బిగించాడు. ముద్ర డబ్బాకి మూత పెట్టి లోపలి జేబులో వేసుకుని, జేబు బొత్తాం పెట్టుకున్నాడు.

"మామా?" అన్నాడు సెప్టిమియు. "ఎక్కడికి మామా? ధర ఇంకా తగ్గించొచ్చు, నేను ఇప్పుడే ఫోను చేస్తాను, కూర్చోండి."

మామయ్య గోడ మేకు మీంచి టోపీ తీసుకుని పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర తలవంచి బైటికి వెళ్లిపోయాడు.