చీపురుకు చోటు

చీపురుకట్టను ఎక్కడ ఆనించాలన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని గృహం, ఎంతటి సౌందర్యంతో తులతూగినా, చరిత్రలో నిలవదు. ఈ శాసనాన్ని ప్రకటించినది ఆ కుటుంబపు పెద్దకోడలు; దాని కింద శిక్ష అనుభవించినది చిన్నకోడలు.

చిన్నకోడలి వృత్తి ఇళ్ళ లోపలి అలంకరణ. తన సొంత ఫ్లాటును తీర్చిదిద్ది బంధువర్గాన్ని పిలిచిన రోజున, తెల్లని గోడలూ, అలలా వంపు తిరిగిన పుస్తకాల అరా, నేలంతా పరచుకున్న సాయంకాలపు వెలుగూ చూసి అందరూ నోళ్ళు తెరిచారు. పెద్దకోడలు మాత్రం గది గదీ కలియదిరిగి వచ్చి, "అంతా బాగుంది చెల్లీ, ఇంతకీ చీపురెక్కడ పెడతావు?" అంది. మామగారు పడీపడీ నవ్వారు. అత్తగారు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నారు. ఆ నవ్వు చిన్నకోడలి చెవుల్లో కాపురం పెట్టింది.

కాలం ఆమె పక్షాన నిలిచింది. పెద్దకోడలు కొత్త ఫ్లాటు కొని, "మనింట్లోనే మనిషుండగా బయటివాళ్ళెందుకు?" అంటూ తాళంచెవులు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. శత్రుదుర్గం తనంత తానే తలుపు తెరవగా చూసిన సేనానిలా చిన్నకోడలు వాటిని అందుకుంది. వ్యూహం సులభం. ఉపయోగం కోరిన మనిషిని ఉపయోగంలోనే ముంచేయాలి. ఊపిరాడనంత సౌకర్యం, కంటికి మాత్రం కరువు. ఆపైన నాడు నవ్విన వారినందరినీ అక్కడికే పిలిచి, మళ్ళీ నవ్వించాలి.

కొలతలు తీస్తుండగా పెద్దకోడలు కిటికీ దగ్గర ఆగింది. "ఇక్కడో కుర్చీ వేసుకుంటేనా, పొద్దున్నే ఆ చెట్టును చూస్తూ కాఫీ తాగొచ్చు."

"చెట్టేం పనికొస్తుందక్కా?" అంది చిన్నకోడలు, తేనె పూసిన గొంతుతో. "ఇక్కడ బీరువా కట్టిస్తే మీ దుప్పట్లన్నీ పడతాయి."

"అంతేనంటావా?"

"మీరు నేర్పిందేగా."

పెద్దకోడలు ఆ చెట్టు వంక ఓసారి చూసి సరేనంది. ఆ చూపు చిన్నకోడలికి విందు భోజనంలా వంటబట్టింది.

వడ్రంగి పనిలోకి దిగాడు. కిటికీలో సగాన్ని బీరువా మింగేసింది. మంచం కింద సొరుగులు, సోఫా పొట్టలో సొరుగులు, గుమ్మాలపైన అటకలు, అటకల పక్కన మరికొన్ని అటకలు. వాటన్నిటి మీదా ఎండిన పేడ రంగు మైకా.

"అమ్మా, ఈ రంగు ఖాయమేనా? ఇంకోసారి ఆలోచించుకోండి," అన్నాడు వడ్రంగి.

"మురికి కనబడదు," అంది ఆమె, ఉరిశిక్ష చదివే న్యాయమూర్తి గాంభీర్యంతో. చీపురుకైతే లోపల బల్బు వెలిగే ప్రత్యేక మందిరమే కట్టించింది. ఆ ఇంట్లో వెలుగుకు నోచుకున్నది అదొక్కటే.

ఆదివారం బంధువర్గం దిగింది. చిన్నకోడలు గుమ్మం పక్కన నిలబడి ఆ నవ్వు కోసం చెవులు రిక్కించింది.

మామగారు ఒక సొరుగు లాగారు. మూశారు. మళ్ళీ లాగారు. "అబ్బ, ఏం పనితనం!" అన్నారు. అత్తగారు సోఫా పొట్ట తెరిచి, "ఇందులో మీ మామగారినే సర్దేయొచ్చే!" అని మురిసిపోయారు. పెద్దకోడలు కళ్ళు ఒత్తుకుంటూ, "నా మాట ఇంతలా పట్టించుకున్నది నువ్వొక్కదానివే చెల్లీ," అంది.

పగ చేజారిందని చిన్నకోడలికి అర్థమైంది. కనీసం పేరైనా దక్కించుకుందామని గొంతు సవరించుకుంది. "ఇలాంటిదే ఇంకెవరికైనా కావాలంటే మొహమాటపడకండి."

అందరూ ఒక్కసారిగా ఫోన్లు బయటికి తీశారు. వడ్రంగి నంబరు ఎక్కించుకున్నారు.