మూడో నెల రక్తం

భద్రమ్మ మందలో ఏ జీవాన్ని పట్టుకున్నా ముందు దాని కంటి కింది రెప్ప లాగి చూస్తుంది. లోపల ఎర్రగా ఉంటే ఫికర్ లేదు. తెల్లబడిందంటే కడుపులో జలగ పురుగు పట్టి నెత్తురు తగ్గుతోందని లెక్క. అప్పుడు మందు పోయాలి, దానికి పాలు తాగే పిల్ల ఉంటే తీసుకుపోయి బలమైన ఇంకో తల్లికి విడవాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో మామ దగ్గర నేర్చుకున్న పని అది. అచ్చంపేట దాపునున్న ఆ ఊళ్లో గొర్రెలూ మేకలూ ఉన్న ఇళ్లన్నిటికీ ఈ విషయంలో ఆమె మాటే మాట. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంటికొచ్చిన చుట్టాల కళ్లల్లోకి కూడా అట్లాగే తొంగి చూసేది. వాళ్లు నవ్వితే నవ్వనీ అనుకునేది.

ఆ అలవాటే చివరికి కొంప ముంచింది.

కోడలు మల్లీశ్వరికి ఆడపిల్ల పుట్టింది. నిహారిక అని పేరు పెట్టారు. పుట్టిన రోజున రెప్ప లాగి చూస్తే దానిమ్మ గింజ రంగు. మూడో నెల వచ్చేసరికి ఆ రంగు పలచబడ్డట్టు తోచింది భద్రమ్మకు. పిల్లకేమో ఏ లోటూ లేదు. కడుపునిండా తాగి తల్లి రొమ్ము మీదే నిద్రపోతుంది, లేస్తే దుప్పటిని కాళ్లతో తన్ని అవతల పడేస్తుంది, అవ్వ గొంతు వింటే చాలు బోసినోరు తెరిచి నవ్వుతుంది. ఇంతకంటే ఏం కావాలి ఏ ఇంటికైనా? కానీ భయం పట్టిన మనిషికి ఇవేవీ ఆనవు. కొడుకు పరశురాములు కంటే ముందు భద్రమ్మకు ఒక ఆడపిల్ల పుట్టి, నడక నేర్చే వయసులో పాలిపోయి పాలిపోయి చచ్చిపోయింది. ఆ రోజుల్లో రక్తం పరీక్ష అన్న మాటే ఎవరికీ తెలియదు. ఎవరైనా చూసి చెప్పి ఉంటే బతికేదేమో అన్న బాధ ఆమెకు ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఈ పిల్లను చూసుకుని, పోయినదే తిరిగొచ్చిందని మురిసిపోయింది. దీన్నీ పోగొట్టుకుంటానేమోనని లోలోపల వణికిపోయింది.

పరశురాములు మందలో సగాన్ని తోలుకుని మేతకు కృష్ణ ఒడ్డుకు పోయాడు. ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్లే. భద్రమ్మ ఊరుకోలేక, కోడలినీ పిల్లనూ వెంటబెట్టుకుని అచ్చంపేట బస్టాండు వెనక సందులో రక్తపరీక్షలు చేసే దుకాణానికి పోయింది. పిల్ల మడమకు సూది గుచ్చి రక్తం తీశారు. పిల్ల కంటే ముందు అవ్వే ఏడ్చింది.

కాగితం చేతికొచ్చింది. మల్లీశ్వరి పది దాకా చదువుకున్నది కాబట్టి ఆమే చదివింది. రక్తం తొమ్మిది పాయింటు ఎనిమిది ఉంది. దాని పక్కన, పన్నెండు నుంచి పదహారు దాకా ఉండాలని అచ్చేసి ఉంది. పిల్ల అంకెను నల్లగా లావు అక్షరాల్లో కొట్టి, కిందికి చూసే బాణం పెట్టారు. ఇంకోచోట తెల్లకణాల్లో ఒక రకం ఎక్కువైందని పైకి చూసే బాణం. రక్తం తక్కువుంది, డాక్టరుకు చూపించుకోండి అన్నాడు అక్కడి మనిషి. ఆస్పత్రికి పోతే, డాక్టరు ఏదో పెళ్లికి పోయాడు, రేపు వస్తాడన్నారు. రేపటి దాకా ఆగితే ఏమయ్యేదో! భద్రమ్మకు ఆ ఓపిక లేదు. కాగితమే చెప్పాక డాక్టరు కొత్తగా చెప్పేదేముంటుందని కోడలిని కసిరింది. తన కన్నూ ఆ కాగితమూ ఒకే మాట అన్నాయి కదా, ఇంకెవరిని అడగాలి?

బస్సెక్కే ముందు ఆమె మల్లెపూలు కొన్నది, చేతి నిండా పట్టేటన్ని. తన జడకేననుకుని మల్లీశ్వరి సంబరపడింది. పెళ్లయ్యాక అత్త తన కోసం పూలు కొనడం అదే మొదలు మరి.

ఇంటికొచ్చాక భద్రమ్మ తలుపు దగ్గరగా వేసి కోడలిని కూర్చోబెట్టింది. ఆ పూలను రొమ్ముల మీద పరిచి, పాత చీర పేలికతో గట్టిగా బిగించి కట్టింది. పాలు ఎండిపోవాలంటే ఆ ఊళ్లో ఆడవాళ్లు చేసే పని అదే. బిడ్డలు పోయిన తల్లులకు కడతారు. మల్లీశ్వరి కళ్ల నీళ్లు పూల మీద పడుతున్నాయి.

"నీ పాలల్ల బలం లేదు బిడ్డా. నీ తప్పు గాదు. మందల గూడ గిట్లయితది" అన్నది భద్రమ్మ, ఎంతో ప్రేమగా.

ఆ రోజు నుంచి నిహారికకు దొడ్లో ఉన్న నల్లమేక పాలు. నీళ్లు కలిపి, కాచి, సీసాలో పోసి తాగించేది భద్రమ్మ. బక్కచిక్కిన మేకపిల్లలు ఎన్నో ఆ మేక పొదుగు కింద బతికాయని ఆమె ధైర్యం. ఆశా వర్కరు వచ్చి అడిగితే సీసాను గంప కింద దాచి, తల్లి పాలేనమ్మా అని బొంకింది. మొదట్లో పిల్ల బాగానే ఉన్నట్టు కనిపించింది. ఆ తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. దుప్పటిని తన్నడం మానేసింది పిల్ల. అవ్వ గొంతు విన్నా నవ్వడం లేదు. తల్లి దగ్గర తాగిన ఆ బలం లేని పాలే ఇంకా పీడిస్తున్నాయనుకుని, భద్రమ్మ మేకపాలు ఇంకాస్త పెంచింది. అయ్యో, ఆ అవ్వకు ఎట్లా చెప్పేది, ఎవరు చెప్పేది!

ఆరో నెల పడుతుండగా జ్వరం కాసింది. భద్రమ్మ రెప్ప లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టుంది. తెల్లబడడమంటే ఏమిటో అప్పుడు కనబడిందామెకు. మూడో నెలలో తను చూసింది ఇది కాదు.

పాలమూరు పెద్ద దవాఖానలో చేర్చారు. రక్తం ఎక్కించారు. పరశురాములు మందను ఎవరికో అప్పజెప్పి పరుగున వచ్చాడు. మల్లీశ్వరి లోపల పిల్ల దగ్గర ఉండి, పరశురాములు మందులు తేవడానికి పోయినప్పుడు, డాక్టరు శ్రీవాణి బయటికొచ్చి, ఇంతకుముందు పరీక్షలేమైనా చేయించారా అని అడిగింది. భద్రమ్మ బొడ్లోంచి ఆ కాగితం తీసిచ్చి, జరిగిందంతా చెప్పింది. పూల సంగతి కూడా దాచలేదు. ఇంత ముందుచూపుతో చేశాను చూడమన్నట్టే చెప్పింది. డాక్టరు కాగితం మీది అంకెల మీద వేలు పెట్టింది.

"అవ్వా, ఈ కాగితంల అచ్చేసింది పెద్దోళ్ల లెక్క. మూడో నెలల పిల్లలందరికీ రక్తం గింత దిగుతది, మల్ల అదే ఎక్కుతది. మన దిక్కు పుట్టిన పిల్లలకైతే ఇంకా జర తక్కువనే ఉంటది. ఈ పైకున్న బాణం గూడ అంతే. అప్పుడు పాపకు ఏ రోగం లేకుండె."

రక్తం పట్టడానికి పసిపిల్లకు కావలసిన సత్తువ ఒకటి మేకపాలల్లో ఉండదనీ, సీసా వల్ల కడుపులోకి క్రిములు పోయి ఒళ్లంతా పాకాయనీ కూడా చెప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. భద్రమ్మ ఆ కాగితాన్ని మళ్లీ మడిచి బొడ్లో పెట్టుకుంది, డాక్టరు మాట కొడుక్కీ కోడలికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దెక్కుతుండగా నిహారిక చనిపోయింది.

ఊరి చివర పూడ్చిపెట్టి వచ్చారు. వచ్చినవాళ్లందరూ పోయారు. పరశురాములు మంద కోసం వెళ్లక తప్పలేదు. సాయంత్రం పూట భద్రమ్మ దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుంటే, మల్లీశ్వరి వచ్చి పక్కన కూర్చున్నది. నేలను గీకుతూ, తలెత్తకుండానే మాట్లాడింది.

"అత్తమ్మా, నీకొక మాట చెప్పాలె. పూలు గట్టినంక గూడ, నువ్వు మందకు పోయినప్పుడు కట్టు ఇప్పి పిల్లకు పాలిచ్చిన. ఏడుస్తుంటే ఆగలేకపోయిన. నా పాలు తాగే చచ్చిపోయింది. నా బిడ్డను నేనే చంపుకున్న."

డాక్టరు చెప్పింది తనొక్కదానికే. తను నోరు మూసుకుంటే ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. కోడలు తన నెత్తిన వేసుకున్న పాపం కోడలి నెత్తినే ఉంటుంది, ముసలిదాని పరువు ముసలిదానికి మిగులుతుంది. అట్లా ఊరుకోవాలని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ఆ కోడలు పిల్ల, ఎర్రగా ఉబ్బిన కళ్లతో, తల్లి కాకుండా దొంగ అయినట్టు ముడుచుకుని కూర్చున్నది. భద్రమ్మ బొడ్లోని కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"నీ పాలు మంచియే బిడ్డా. అప్పుడు పిల్లకు ఏ రోగం లేకుండె. మూడో నెలల అందరికీ గట్లనే ఉంటదట, డాక్టరమ్మ చెప్పింది. నేను మేకపాలు పోసి పాడుజేసిన. నువ్వు నాకు తెల్వకుంట ఇచ్చిన ఆ నాలుగు గుక్కలే, దాని కడుపుల పడ్డ మంచి తిండి."

మల్లీశ్వరి అరుస్తుందనుకుంది భద్రమ్మ. మీద పడి కొడుతుందేమో అనుకుంది. కొడితే కొట్టనీ అని తల వంచుకుని ఉంది. మల్లీశ్వరి రెండు చేతులూ రొమ్ముల మీద పెట్టుకుని, అక్కడ ఏదో వెతుక్కుంటున్నట్టు కూర్చున్నది. మెల్లగా అన్నది.

"పిల్లకేమన్నయితదని భయపడి, తర్వాత నేనే బంద్ జేసిన అత్తమ్మా. పాలు ఇంకా వస్తనే ఉండె."

భద్రమ్మ కోడలి చెయ్యి పట్టుకోబోయి, పట్టుకునే హక్కు తనకు లేదనిపించి వెనక్కు తీసుకుంది. దొడ్డిలో నల్లమేక పొదుగు నిండి, పాలు తీసే వేళయిందని అరుస్తోంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.