మా ఆయన టోపీ

ముందే చెబుతున్నాను, ఆ టోపీ మా ఆయన కోసం కాదు. నా కోసం. ఈ సంగతి ఇప్పుడు ఛత్రినాక బజారంతటికీ తెలుసు కానీ, ఎండాకాలం మొదట్లో నాకొక్కదానికే తెలుసు.

నేను ఛత్రినాక మార్కెట్లో పూలమ్ముతాను. పొద్దున కాసేపు గోడ నీడ ఉంటుంది. అది కాస్తా గోడలోకే వెళ్లిపోయాక ఎండంతా నా నెత్తినే. కొంగు కప్పుకుంటే జారి పూలదారంలో చిక్కుకుంటుంది. గొడుగు పట్టుకుందామంటే పూలు కట్టడానికి మూడో చెయ్యి కావాలి. నేలలో పాతే పెద్ద గొడుగు తెచ్చాననుకోండి, వెనక దుకాణం గోవర్ధన్ తన బోర్డు కనబడదని ఒంటికాలి మీద లేస్తాడు.

టోపీ అయితే ఈ గొడవలేవీ ఉండవు. కానీ చీర కట్టుకుని, కొప్పు పెట్టుకుని, మనవలున్న ఆడది టోపీ పెట్టుకుని మల్లెపూలమ్మితే నలుగురూ ఏమంటారు? నలుగురి సంగతి సరే, నా పక్కనే ఆకుకూరలమ్మే సుశీలమ్మ ఏమంటుంది? మనిషి మంచిదే. ఆ నోటితోనే వచ్చింది చిక్కు. కంటి ఆపరేషన్ అయ్యాక పాపం లీలమ్మ నల్లద్దాలు పెట్టుకుని కొత్తిమీర కొనడానికి వస్తే, "ఏం హీరోయినమ్మా, షూటింగ్ యాడ?" అంది. అద్దాలు తీసేసి ఎన్నాళ్లయినా లీలమ్మ ఇప్పటికీ బజారులో హీరోయినే. నాకేం పేరు పెడుతుందోనన్న భయంతో టోపీ కోరికను కడుపులోనే దాచుకున్నాను.

మా చెల్లెలు మలక్‌పేటలో, రేసుకోర్సు వెనక సందులో ఉంటుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు ఎదురింటి గడప మీద ఒక పెద్దావిడ కూర్చుని కనబడింది. పేరు అక్తరున్నీసా. తడిపిన ఈతాకును సన్న పాయలుగా చీల్చి జడలా అల్లుతోంది. అలా అల్లిన జడను నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, చుట్టు మీద చుట్టు తిప్పుతూ కుట్టుకొస్తే టోపీ అవుతుంది. రేసుల రోజున ఎండలో నిలబడేవాళ్లు వచ్చి కొనుక్కుంటారట.

నేనూ వేళ్లతో బతికేదాన్నే. పనితనం చేతిని చూస్తే తెలిసిపోతుంది. ఆవిడ వీధిలో పోయేవాళ్లను చూస్తూ అల్లుతోంది, చేతివైపు చూడనే లేదు. మల్లెలు కట్టేటప్పుడు నేనూ అంతే. ఆరబెట్టిన టోపీ ఒకటి తీసుకుని వెలుగుకు ఎత్తి చూశాను. సూది మొనంత వెలుతురు కూడా దూరలేదు. చేతిలో ఉన్నట్టే లేదు, అంత తేలిక. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చాప వాసన. కింద పెట్టాలనిపించలేదు.

"ఎవరికి బెహన్?" అని అడిగింది అక్తరున్నీసా.

"మా ఆయనకు ఆపా," అన్నాను. నోట్లోంచి అట్లా జారిపోయింది.

"అయితే ఆయన్ని తీస్కరా. తల చూడకుంట నేను టోపీ కుట్ట. పెద్ద పెద్ద సాబ్‌లు గూడ గీ గడప మీద కూసొని కొలతిచ్చి పోతరు."

"ఆయన బర్రెలను ఇడిచిపెట్టి రాడు ఆపా. మా ఇద్దరి తల ఒక్కటే కొలత. నాది తీస్కో, సరిపోతది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అచ్ఛా? మియా బీవీకి ఒక్కటే తల! మాషా అల్లా," అని ఈతాకు పాయ ఒకటి తీసి నా నుదుటి చుట్టూ తిప్పింది. వెనక కొప్పు దగ్గర కాసేపు ఆగింది. "ఆయనకు ఎండ యాడ కొడ్తది?"

"నుదుటి మీద, మెడ మీద. పొద్దంత ఒక్క కాడనే కూసుంటడు గదా."

బర్రెల వెంట తిరిగే మనిషి పొద్దంతా ఒక్కచోట ఎలా కూర్చుంటాడని ఆవిడ అడగలేదు. నేనూ ఇల్లు చేరేదాకా అది ఆలోచించలేదు.

నా ఉపాయం నాకుంది. మా ఆయన బాలనర్సింహ నెత్తికి తువ్వాలు తప్ప ఇంకోటి ఎరగడు. టోపీ చూడగానే "గిదేంది, తీసెయ్" అంటాడు. అప్పుడు నేను, కష్టపడి తెచ్చింది పారేస్తామా అని గొణుక్కుంటూ నెత్తిన పెట్టుకుంటాను. సుశీలమ్మ ఏమైనా అంటే తప్పంతా ఆయన మీదికి తోసేస్తాను. ఇంత మంచి ఉపాయం నా జన్మలో పన్నలేదు.

టోపీ తెచ్చుకునే రోజున మలక్‌పేట గంజి మార్కెట్లో బర్రెలకు దాణా చూడాలని ఆయన కూడా నా వెంట బయలుదేరాడు. మంచిదే, గడప మీదే ఆయనతో వద్దనిపిస్తే ఒక పనైపోతుందనుకున్నాను. అక్తరున్నీసా టోపీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నాకా? నాకోసం చేపిచ్చినవా లలితా?"

పెళ్లయినప్పటి నుంచి ఆయనకు బనీన్లు తప్ప నేను కొన్నదేం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి మహానుభావుడికి. భుజం మీది తువ్వాలు తీసి మడిచి సంచిలో పెట్టేసి, టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. అది గిన్నె మీద చిన్న మూత పెట్టినట్టు పైపైన నిలబడింది. అక్తరున్నీసా దుపట్టా అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గు కాదది.

"చిన్నగున్నట్టుంది, తీసెయ్‌రాదు," అన్నాను ఆశగా.

"ఏం చిన్నగలే. మస్తుగుంది. ఇగ తియ్య," అన్నాడు.

నా ఉపాయం అక్కడే బోర్లా పడింది. టోపీ వెనక భాగాన, అంచుకు పైన, ఒక సందు కనబడింది. ఇంత పనిమంతురాలు కుట్టు మధ్యలో వదిలేసిందేమిటా అనుకుని, "ఆపా, గీ సందేంది?" అని అడిగాను.

"గాలికి," అంది ఆవిడ, నావైపు చూడకుండా.

కోఠిలో బస్సు మారాలి. ఆడవాళ్లకు టికెట్టు తీసేసినప్పటి నుంచి ఛత్రినాక బస్సు ఎక్కడమంటే యుద్ధమే. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే మా ఆయన కిటికీల వైపు పరుగెత్తాడు. కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనది. ఆ చట్టాన్ని ఈ ఊళ్లో పోలీసులు కూడా కాదనరు. జన్మంతా చేసిన పనే కదా, ఆయన చెయ్యి అలవాటు కొద్దీ భుజం మీదికి పోయింది. అక్కడ తువ్వాలు లేదు. చెయ్యి ఆగలేదు. నెత్తి మీదికి పోయింది, టోపీ తీసింది, కిటికీలోంచి సీట్లో వేసింది.

"సీటు దొరికిందే!" అని గర్వంగా నావైపు తిరిగాడు.

సీటైతే దొరికింది కానీ తలుపు దొరకలేదు. ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో దిగింది, ఎవరి బుట్టో ఆయన కాలి మీద పడింది. మేం తేరుకునేసరికి బస్సు కదిలిపోయింది. సీట్లో దర్జాగా కూర్చుని నా టోపీ ఛత్రినాకకు వెళ్లిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆపుండ్రి, ఆపుండ్రి!" అని అరిచాను.

"పోతే పోనీయే," అన్నాడు ఆయన, నన్ను ఓదారుస్తూ. "నా టోపీనే గదా. తువ్వాలు చుట్టుకుంట, నువ్వు ఫికర్ జెయ్యకు."

ఏడుపొచ్చింది. ఎవరి టోపీ అని ఏడవను? ఒక్కసారి కూడా నా నెత్తిన పెట్టుకుని చూసుకోలేదు. అంతమంచి వస్తువు, నా తల కొలతతో పుట్టిన వస్తువు, ఎవరి కాళ్ల కిందో నలిగిపోతుంది. ఎదురుగా వచ్చిన ఆటోను ఆపాను.

ఆటో సాకిబ్ అనే కుర్రవాడిది. "గా బస్సు ఎనక పోనియ్ నాయనా," అన్నాను.

"ఏం పోయిందమ్మా? సోనానా?"

"టోపీ."

అతను బండి నడపడం మానేసి వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూశాడు. మా ఆయన ఛాతీ విరుచుకుని, "మా ఇంటామె నాకోసం చేపిచ్చిన టోపీ భాయ్," అన్నాడు.

"అరే, బీవీ కా తోఫా! ఫిర్ తో పకడ్నాచ్ పడేగా!" అని సాకిబ్ ఒక్కసారి ఎక్సిలేటర్ తిప్పాడు. పెళ్లామిచ్చిన కానుకట, పట్టి తీరాలట. సిగ్గుతో నేను రోడ్డు వైపు తిరిగాను.

నయాపూల్ దాటాక ట్రాఫిక్‌లో బస్సు పక్కకే చేరాం. లోపల ఊపిరాడనంత జనం. ఒకరి మీద ఒకరు పడిపోతూ, రాడ్లకు వేలాడుతూ ఉన్నారు. వాళ్ల నడుమ కిటికీ సీట్లో నా టోపీ ఒక్కతే చల్లగా కూర్చుంది. ఎవ్వరూ జరపలేదు, ఎవ్వరూ కూర్చోలేదు. వేసిన మనిషి ఎక్కడో బస్సులోనే ఉన్నాడనీ, జనంలోంచి దారి చేసుకుని వస్తున్నాడనీ అందరి నమ్మకం. పిలుద్దామనుకునేలోపే బస్సు సందు దొరకబుచ్చుకుని ముందుకు దూసుకుపోయింది.

మేం ఛత్రినాక చేరేసరికి కండక్టరమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి టోపీ పైకెత్తి చూపిస్తోంది. మార్కెట్ మూల అది. నాకు తెలిసిన ముఖాలన్నీ అక్కడే ఉన్నాయి. చేతిలో పాలకూర కట్టతో సుశీలమ్మ అందరికన్నా ముందు నిలబడింది.

"ఎవరిది గీ టోపీ? కోఠి నుంచి కూసొని ఒచ్చింది. టికెటు అడుగుదామంటే దీనికి నోరు లేకపాయె!"

"నాది, నాది," అంటూ మా ఆయన ముందుకు పోయాడు.

"నీదా?" అని ఒక ముసలాయన మీదికొచ్చాడు. దారంతా ఆ సీటు పక్కనే నిలబడ్డాడట. "నా కాళ్లు పీక్కపోయినయ్ నీ టోపీ తోని. నీదైతే పెట్టి సూపియ్!"

మా ఆయన పెట్టి చూపించాడు. మూత గిన్నె మీద నిలబడింది. జనం గొల్లుమన్నారు.

"గిది నీది గాదు పెద్దాయనా," అని కండక్టరమ్మ టోపీ తీసేసుకుంది. "డిపోల ఇచ్చేస్త. అసలు మనిషి ఒచ్చి తీస్కపోతడు." బస్సులోకి తిరిగింది.

"ఏం లలితా, మీ ఆయనకు ఇప్పుడు పుట్టిందా మోజు?" అంది సుశీలమ్మ, పళ్లన్నీ బయటపెట్టి.

ఆ పళ్లు చూస్తే వెనక్కి పోవాలనిపించింది. బస్సులోకి పోతున్న టోపీని చూస్తే ప్రాణం ఉసూరుమంది.

"నాది," అన్నాను.

నవ్వులు ఆగాయి.

"నాదే. నేనే కొలతిచ్చిన, నేనే చేపిచ్చిన. పూలు కట్టేటప్పుడు ఎండకు తల పగుల్తుందని చేపిచ్చుకున్న. మీరందరు నవ్వుతరని ఆయన పేరు చెప్పిన. ఇగ నవ్వుకోండ్రి!"

కండక్టరమ్మ చేతిలోంచి టోపీ గుంజుకుని నెత్తిన పెట్టుకున్నాను. నుదుటి మీద వచ్చి కూర్చుంది. చేత్తో ఒక్కసారి కిందికి అదిమాను. వెనక ఆ సందులోకి నా కొప్పు నిండుగా ఒదిగిపోయింది. పిన్నుతో పనిలేదు, దారంతో పనిలేదు. గాలికట, గాలికి! గడప మీద కూర్చుని నా తలతో పాటు నా అబద్ధాన్ని కూడా కొలిచేసి, పల్లెత్తు మాట అనకుండా రెంటికీ సరిపడా కుట్టిచ్చింది అక్తరున్నీసా. అంతమంది మధ్యలో నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. కాకపోతే టోపీ అంచు కిందికుంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

మా ఆయనకు మాత్రం కనబడినట్టుంది. ముఖం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. "అయితే నాకు గాదా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి, "జెర తిరుగు, ఎనక సూడనియ్," అన్నాడు. తిరిగాను.

"నీకే మంచిగుంది," అన్నాడు. "నాకైతే మలక్‌పేట కాడ పెట్టుకున్నప్పటి సంది తల పగుల్తుంది. నువ్వు ప్రేమతోని తెస్తివని తియ్యలే."

ఏం చెప్పమంటారు ఆయనకు? సంచిలోంచి తువ్వాలు తీసి నేనే ఆయన తలకు చుట్టాను.

"అమ్మా, కిరాయి ఎవరిస్తరు?" అని ఆటోలోంచి అరిచాడు సాకిబ్. "టోపీ పెట్టుకున్నోళ్లా, తోఫా పోయినోళ్లా?"

పొద్దు గూకేలోపే సుశీలమ్మ పేరు పెట్టేసింది. దొరసాని. పూలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా "ఓ దొరసానీ, మూరెంత?" అనడం మొదలుపెట్టారు. మొదటి రోజు ముఖం మండిపోయింది. రెండో రోజుకు అది కూడా పేరే అనిపించింది. దొరసాని నెత్తి చల్లగా ఉంది, దొరసాని చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి, దొరసాని దండలు తొందరగా అమ్ముడుపోతున్నాయి.

ఎండలు ముదిరాయి. తడిగుడ్డ నెత్తిన వేసుకుని, అది ఆరిపోగానే మళ్లీ తడుపుకుంటూ, ఆకుకూరల మీద చల్లాల్సిన నీళ్లన్నీ తానే వాడేసుకుంటోంది సుశీలమ్మ. ఒక మధ్యాహ్నం చుట్టూ ఎవరూ లేకుండా చూసి నా పక్కకు జరిగింది.

"లలితా, ఆ మలక్‌పేట ఆమె ఇంకోటి చేసిస్తదా?"

"ఎవరికి?"

"మా ఆయనకు," అంది, పాలకూర కట్టలు సర్దుతూ.

ఆమె భర్త టైలరు. పొద్దంతా దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని జాకెట్లు కుడతాడు. ఆయన మీద ఎండ పొడ పడి ఎన్నేళ్లయిందో.

పూలదారం తీసి సుశీలమ్మ నుదుటి చుట్టూ తిప్పాను. ఆమె కదలకుండా కూర్చుంది. వెనక కొప్పు దగ్గర ఆగి, ఎత్తు చూశాను.

"మీ ఆయనకు చెప్పు," అన్నాను. "కొప్పు జెర కిందికి ముడుసుకొమ్మని."