రెండూ ఎర్రవే

అలావుద్దీన్ కువైట్ వెళ్ళినప్పటినుంచి, పుంగనూరులోని ఆ ఇంట్లో టేప్‌రికార్డర్‌కు కొత్త అల్లుడి మర్యాదలు జరిగేవి. ఉత్తరం రాయడానికి బద్ధకించే అలావుద్దీన్, కబుర్లన్నీ క్యాసెట్లో నింపి పంపేవాడు. వాళ్ళ నాన్న అబ్దుల్ గఫార్ బట్టల అంగడి కట్టేసి వచ్చి, అందరినీ హాల్లో కూర్చోబెట్టి మీట నొక్కేవాడు. తలుపు చాటున నిలబడ్డ కోడలు కమరున్నీసా వంతుకు చివర్లో ఒకే ముక్క వచ్చేది, "ఆరోగ్యం జాగ్రత్త" అని. అమ్మానాన్నా, ఇరుగుపొరుగూ చెవులు రిక్కించి కూర్చుంటే పెళ్ళాంతో ఏ మగవాడైనా ఇంకేం మాట్లాడతాడు, పాపం!

పెళ్ళయిన రెండో నెలలోనే విమానం ఎక్కాడాయన. గదిలో తనను ఏమని పిలిచేవాడో గుర్తుంది గానీ, ఆ గొంతెలా పలికేదో మరిచిపోతున్నానని ఆమెకు దిగులు పట్టుకుంది. ఆ పిలుపు ఒక్కసారి వింటే చాలు.

ఎనభై నాలుగులో, రంజాన్ ముందు వచ్చిన క్యాసెట్లో కొత్త సంగతి వినబడింది.

"మదనపల్లె రంగప్ప లీవులో వస్తాండాడు. చెవులకు పెట్టుకొని వినే చిన్న టేపులు రెండు పంపిస్తాండాను. నీలంది చెల్లెలు మరియంకి, ఎర్రది కమరున్నీసాకి. ఎర్రదాంట్లో పాటల క్యాసెట్ ఉండాది."

అలావుద్దీన్‌కు పాటలంటే తలనొప్పి. ఆ క్యాసెట్లో ఏముందో కమరున్నీసాకు ఇట్టే అర్థమైంది. పైదేశం నుంచి ఏ వస్తువొచ్చినా ముందు ఆడబిడ్డ ఏరుకోవాలి, మిగిలింది కోడలికి. అది ఆ ఇంటి ఆనవాయితీ. దాన్ని తప్పించడానికే మొగుడు ముందుగా రంగులు పంచి చెప్పాడు. ఎంత తెలివి!

తీరా రంగప్ప వచ్చి పెట్టె విప్పితే రెండూ ఎర్రవే.

"ఈ మోడల్లో నీలం అయిపోయిందంటమ్మా. నల్లదుండాది గానీ అది పెద్దది, చెవులకు పెట్టుకునేది రాదంట," అన్నాడతను.

కుప్పం నుంచి వచ్చి ఉన్న మరియం రెండూ ఆడించి చూసింది. "దీంట్లో క్యాసెట్ ఉండాది. ఇది నాకు అమ్మీ!"

"అది... ఆయన నాకని చెప్పినారు," అంది కమరున్నీసా.

అత్త నవ్వింది. "రెండూ ఎర్రవే గదమ్మా! ఏదైతే ఏం? పాటల కోసం ఆడబిడ్డతో పోటీనా?"

పాటలు కావని చెప్పాలి. చెబితే మరేమిటని అడుగుతారు. ఎదురుగా మామ కూర్చుని ఉన్నాడు. కమరున్నీసా మిగిలిన టేపు తీసుకుంది. మరియం కుప్పం బస్సెక్కాక గదిలోకి వెళ్ళి, తన వంతు టేపు చెవులకు తగిలించుకుని మీట నొక్కింది. ఖాళీ చక్రాలు గిర్రున తిరిగాయి. ఆమెకు ఏడుపాగలేదు.

బక్రీద్‌కు మరియం మళ్ళీ వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. వంటింట్లోకి వచ్చి, చేతిరుమాల్లో చుట్టిన క్యాసెట్ వదిన చేతిలో పెట్టింది. "మొదట్లో రెండు మాటలు విని ఆపేసినాను భాభీ. ఇంకెవరికీ వినిపించలేదు. మీది మీకే ఇచ్చేస్తా ఉండాను," అంది, తల ఎత్తకుండా.

అదే సమయానికి వంటింట్లోకి వచ్చిన అత్త కళ్ళు దాని మీద పడ్డాయి. "అన్న పంపిన పాటలా? హాల్లో పెట్టండి, పండగ పూట అందరం విందాం!"

హాల్లో గఫార్ అప్పుడే టేప్‌రికార్డర్ మీద గుడ్డ తీశాడు. "తేమ్మా కమరున్నీసా!"

"తెస్తాండాను అబ్బా," అని మామకు బదులిచ్చి ఆమె గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకునే వీలు లేదు, పిల్లలు గడపలో ఆడుతున్నారు. వాళ్ళకు వీపు తిప్పి, గోటితో టేపు పైకి లాగింది. ఇంకా లాగింది. గోధుమరంగు పట్టీ ఒళ్ళంతా చుట్టుకుంటుంటే పళ్ళతో కొరికి తెంపింది. మాటలన్నీ చేతుల్లో నలిగిపోయాయి.

బయటికొచ్చి, "చిక్కుకొని తెగిపాయ అబ్బా," అంది.

"అగ్గువ సరుకు," అని గఫార్ విసుక్కుని గుడ్డ కప్పేశాడు.

వంటింట్లో మరియం ఆమె చేతిలోని ఉండ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి దగ్గరికొచ్చి, "నేను విన్న రెండు మాటలు చెప్పేదా భాభీ?" అని అడిగింది.

కమరున్నీసా వద్దన్నట్టు తలూపింది. మరియం గడప దాటబోతుంటే ఆమె పైట పట్టుకుని ఆపింది.

"మెల్లగా చెప్పు," అంది.