గుండ్రటి అక్షరాలు

శుక్రవారం దీపాలకి వత్తులు చేసుకుంటూ ఉంటే మా ఆయన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"నాను ఎట్టీసేను. నువ్వూ సంతకం ఎట్టీ."

మా అమ్మాయి నిఖిత కాలేజీ వాళ్ళు పంపిన కాగితం అది. ఆడపిల్లలకి లైబ్రరీ సాయంత్రం ఐదుకే మూసెయ్యడం అన్యాయమని విద్యార్థి సంఘం మీటింగులో నిఖిత అందట. అది పొరపాటు మాటేనని తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. లేకపోతే సంఘంలోంచి తీసేస్తారు.

"ఐదు దాటేక అక్కడేటి పనే దీనికి? నోర్మూసుకుని సదూకోమను," అన్నారాయన. నిఖిత గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

నాకు మా కాలేజీ మేడ మీద గది గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట మా సంఘం మీటింగులు అక్కడే జరిగేవి. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపించేవి. ఓడ కూత వేస్తే అందరం మాట ఆపి, కూత అవగానే నేనంటే నేనని అందుకునేవాళ్ళం. మాట్లాడాలని అంత ఆకలి మళ్ళీ నాకెప్పుడూ వెయ్యలేదు. సంఘంలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. చేతిరాత బాగుంటుందని, మీటింగులో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం నాకిచ్చారు. టీ పొయ్యడం ఎవరూ ఇవ్వలేదు, అదే వచ్చి చేరింది.

ఒకరోజు వార్షికోత్సవం నాటకంలో ఆడపిల్లలు వేషాలు వెయ్యకూడదని తీర్మానం పెట్టారు. "నాను ఒప్పుకోను. ఆ మాటా మినిట్స్‌లో రాత్తాను," అన్నాను. ఓడ కూత లేకుండానే గదంతా ఆగిపోయింది. ప్రెసిడెంటు కృష్ణంరాజు నవ్వాడు.

"నీ మాట విన్నాం కదేటి సూర్యకళా, మళ్ళా రాయడమెందుకు? టీ సల్లారిపోతంది, పొయ్యి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, నా గుండ్రటి అక్షరాలతో, 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాశాను.

తర్వాత పెళ్ళి. "మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట," అని అత్తగారు జోగమ్మగారు చుట్టాలకి గొప్పగా చెప్పేవారు. నన్ను టీచరు ఉద్యోగానికి వెళ్ళొద్దన్నదీ ఆ ఒక్క మాటే. సింహాద్రి అప్పన్న స్వామి ముందు అబద్ధమాడకూడదని పిల్లకి నేర్పాను. మరి ఇన్నేళ్ళూ నేను ఊరుకున్నది ఏమిటి స్వామీ, నిజమా?

"ఏటాలోసిత్తన్నావ్? షిఫ్టుకి టైమైపోతంది," అంటూ ఆయన పెన్ను అందించారు.

వేళ్ళకంటిన పత్తి దులుపుకుని పెన్ను అందుకున్నాను. ఇన్నాళ్ళయినా రాత చెడలేదు. తల్లి సంతకం అని ఉన్నచోట, ఒక్కో అక్షరమూ గుండ్రంగా రాశాను.

'నేను ఒప్పుకోను. ఇట్లు, నిఖిత తల్లి, సూర్యకళ.'