హత్సుయో కాళ్ల కింది మడి

చంటిపిల్లను గడ్డిబుట్టలో కూరి, కదలకుండా చుట్టూ గుడ్డలు కుక్కి, పొద్దుగుంకేదాకా గట్టున వదిలేస్తే కాళ్లు వంకర తిరిగాయి. తప్పెవరిది, చెప్పండి? పిల్లదా? నాట్లు వెయ్యకపోతే గింజ దక్కని తల్లిదా?

జపాన్ ఉత్తరాన అకితాలో అలా పెరిగిన హత్సుయో, ఒలింపిక్స్ కోసం టోక్యో అంతా తవ్విపోస్తున్న రోజుల్లో ఆ ఊరికి వచ్చింది. పగలు ఇస్త్రీ కొట్లో పని, సాయంత్రం కుజే మాస్టారి బ్యాలే బడి. ఆమె ఎక్కడ నిలబడితే అక్కడ వరిమడి బురద ఊరేది, చీలమండల దాకా, నల్లగా, చల్లగా. ట్రాములో జనం కాళ్లు కాస్త పక్కకు తీసుకునేవాళ్లు. ఆమె అద్దెకున్న ఇంటావిడ ఒతామి గుమ్మంలో పాత పేపర్లు పరిచేది.

"అమ్మాయ్, ఇవాళ నీ బురదలోంచి కప్ప వచ్చింది. రాత్రంతా ఒకటే బెకబెక!"

"మీ గురక విని జత దొరికిందనుకుందేమో పిన్నిగారూ."

బడిలోనూ బురద ఎవరికీ పట్టలేదు. పట్టిందల్లా మోకాళ్లే. కుజే మాస్టారు పారిస్ వెళ్లింది ఒక్కసారి. ఆ ఊరు ఆయన నోట్లోంచి మళ్లీ దిగలేదు.

"నిటారుగా! పారిస్‌లో ఇలాంటి కాళ్లను స్టేజీ ఊడవడానికి కూడా రానివ్వరు. డాక్టరుతో మాట్లాడాను. ఎముక విరిచి తిన్నగా అతుకుతాడు. సోమవారం వెళ్లు. లేదా బృందంలో చోటు మర్చిపో."

"తర్వాత నడవగలనా మాస్టారూ?"

"ముందు నిలబడటం చూడవే!"

సరేనంది. చూశారా, ఎముక విరక్కముందే మనిషిని ఎలా విరిచారో!

అంతటితో ఆగాడా? శనివారం, బడికి చందాలిచ్చే పెద్దలందరి ముందు ఆమెను స్టేజీ ఎక్కించి, కర్రతో మోకాళ్లు చూపించాడు.

"ఇదండీ పాత జపాన్! వచ్చే ఏడు ఇదే పిల్లలో కొత్త జపాన్ చూపిస్తాను."

పెద్దలు పకపకా నవ్వారు.

హత్సుయో ఒళ్లు భగ్గుమంది. ఇన్నాళ్లూ బిగబట్టిన మోకాళ్లను వదిలేసింది. నడుము కిందికి దిగింది. వేళ్లు నారు పట్టినట్టు ముడుచుకున్నాయి. ఒక్క అడుగు వేసింది, నింపాదిగా, ముసలమ్మ మడిలో వేసినట్టు. బురద స్టేజీ దిగి, కుర్చీల కిందికి పాకి, పెద్దల మోకాళ్లదాకా లేచింది. తిన్నగా లేచినవాడల్లా బోర్లా పడ్డాడు.

"మోకాళ్లు వంచండి," అందామె. "బరువు కిందికి వదలండి. పాదం లాక్కోకండి, బురద వదిలినప్పుడు తీసుకోండి."

ఒక్కొక్కరే వంగి, అచ్చం ఆమెలాగే నడిచి బయటపడ్డారు. కుజే మాస్టారు నడుముదాకా దిగబడ్డాక మోకాళ్లు వంచాడు. ఎంత చక్కగా వంచాడని! ఎవరి తాత మడిలో దిగలేదు గనక!

ఆమె ఒంటిమీద చిమ్మిన బురద ఆరి, సుద్దలా తెల్లబడింది. గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసిన, గుండు చేయించుకున్న ఒక నర్తకి ఎదురొచ్చింది. ఆమె ఓ నేలమాళిగలో తనలాంటి మొండివాళ్లతో చీకటి నాట్యం ఆడుతుంది. బుతో అంటారు దాన్ని.

"అక్కా, అద్దంలో చూసుకుంటూ నేర్చిన ఒళ్లు మావి. ఆ నడక మాకు నేర్పవా?"

సోమవారం డాక్టరు ఎదురుచూస్తూనే ఉన్నాడు. హత్సుయో నేలమాళిగ మెట్లు దిగుతోంది.

ఈసారి మీ ఎదుట ఎవరైనా ఒక పిల్లను "కాళ్లు సరిచేసుకుని రా" అంటే, నవ్వే వరసలో కూర్చోకండి. లేవండి. వెళ్లి ఆ పిల్ల పక్కన మోకాళ్లు వంచి నిలబడండి.