అక్కా తమ్ముడూ ఒక ఇరుకు సందూ

గురువారం పొద్దున గిన్నెలు కడగడం అవగానే తావ్ జింగ్‌రూ తలుపు చాటున నిలబడి కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మీగడ రంగు చొక్కా. దాని మీద పాత నీలం కోటు వేసుకుని మెడదాకా గుండీలు బిగించేశాడు. ఆ ఎండకి కోటు అక్కర్లేదు. కానీ చొక్కా కనబడితే అక్క అడుగుతుంది. అక్క అడగడం మొదలుపెడితే కడుపులో ఉన్నదంతా బయటికి రావలసిందే.

సుజౌ నగరంలో నలభై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాడు జింగ్‌రూ. వెనక నిలబడి ఎంతమంది అరిచినా స్టీరింగు వదలని మనిషి. అక్క పెయ్‌లాన్ "ఎక్కడికిరా?" అంటే మాత్రం డెబ్భై ఏళ్లకు దగ్గరపడుతున్న ఈ వయసులోనూ తడబడతాడు.

"ఎక్కడికిరా?" అంది పెయ్‌లాన్ వంటింట్లోంచి.

"మంగలి దగ్గరికి."

"ఏం, ఆయనకి ఒంట్లో బాలేదా? చూసొద్దామనా?"

జింగ్‌రూ బట్టతల తడుముకున్నాడు. "ఉన్న నాలుగూ సరిచేయించుకోవద్దూ?"

"సరే, పోయి రా. నాకు మోకాళ్లు పీకేస్తున్నాయి. కాసేపు నడుం వాలుస్తా. మధ్యాహ్నందాకా ఎవరూ నన్ను లేపకండి."

ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అయినా "అలాగే" అని జింగ్‌రూ చల్లగా జారుకున్నాడు.

అతను వెళ్తున్నది పెద్ద పార్కుకి. అక్కడ తామరకొలను పక్కన బెంచీ మీద చియూ సూఫెన్ కూర్చుని ఉంటుంది. మందులకొట్టులో పనిచేసి రిటైరయిన వితంతువు. వేసవిలో ఓ రోజు ఉన్నట్టుండి వాన పడితే ఇద్దరూ ఒకే మంటపం కిందికి పరుగెత్తారు. జింగ్‌రూ జారిపడబోతే ఆవిడ పట్టుకుంది, పట్టుకుని పకపకా నవ్వింది. భార్య పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో తనను చూసి అలా నవ్వినవాళ్లు లేరు. అప్పట్నుంచి ప్రతి గురువారం అతనికి ఏదో ఒక పని ఆ వైపే పడుతూ వచ్చింది.

అక్కకి ఎందుకు చెప్పలేదంటే, కారణం ఉంది. కిందటేడు పాత స్నేహితుడొకడు ఓ సంబంధం తెచ్చాడు. ఆవిడ ఇంటికొచ్చి టీ తాగుతుంటే పెయ్‌లాన్ "మోకాళ్లెలా ఉన్నాయమ్మా?" అని అడిగి, బాగున్నాయనగానే నిచ్చెన వేసి అటకమీది ఊరగాయ జాడీ దింపించింది. ఆ తర్వాత పళ్లు చూసింది. బీపీ ఎంత అంది. ఆవిడ జాడీ దింపింది, చెప్పులేసుకుంది, మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు.

పెయ్‌లాన్ పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని ఆమెకు చెప్పే ధైర్యమున్నవాళ్లు ఆ వీధిలో పుట్టలేదు. మరదలు పోయిన వారానికే పెట్టె సర్దుకొచ్చి తమ్ముడింట్లో దిగింది. "నీకు అన్నం ఎవరు వండుతార్రా?" అన్నదొక్కటే మాట.

జింగ్‌రూ ముందు మాంసం కూరి కాల్చిన పండగ రొట్టెల, అదే మూన్‌కేకుల కొట్టు దగ్గర ఆగాడు. శరదృతువొస్తే ఆ కొట్టు ముందు క్యూ వంతెన దాకా ఉంటుంది. చాలాసేపు నిలబడ్డాక పొట్లం చేతికొచ్చింది. పొయ్యి మీంచి దింపినవి దింపినట్టే కట్టారు. చేతిలో పట్టుకుంటే ఎవరైనా చూస్తారని కోటు లోపల దూర్చాడు. రొమ్ము చురుక్కుమంది. ప్రేమలో ఆ మాత్రం ఉంటుందనుకుని నడిచాడు.

మెయిన్‌రోడ్డు మీద పోతే పలకరించేవాళ్లు ఎక్కువ. అందుకని పక్కసందుల్లో పడ్డాడు. ఆ పాత భవంతుల్లో ఒకప్పుడు దొరలకంట పడకుండా పనివాళ్లు తిరగడానికి కట్టిన దారులవి. పైన కప్పు, రెండు వైపులా ఎత్తు గోడలు, అక్కడక్కడా మండువాలోంచి పడే ఓ పలక వెలుతురు. ఇప్పుడు ఒక్కో భవంతిలో పాతిక కాపురాలు. ఆ సందుల్లో సైకిళ్లు, బొగ్గు కుంపట్లు, కాబేజీ గుట్టలు.

మొదటి మండువాలో నలుగురాడవాళ్లు పీటలేసుకుని పచ్చి మఖానా గింజలు ఒలుస్తున్నారు. బొటనవేలికి ఇత్తడి గోరు తొడుక్కుని, చేతి పని చేతిదే, నోటి పని నోటిదే.

"ఏంటి తావ్ బాబాయ్, ఈవేళ అక్కాతమ్ముళ్లిద్దరూ షికారు బయల్దేరారా?" అంది అందులో చిన్నది.

"ఇద్దరా? అక్క పడుకుంది."

"పడుకుంటే ఆ నడకేంటండీ బాబూ! ఇప్పుడే ఇటెళ్లారు. పలకరించినా ఆగలేదు. నా బుట్ట తన్నేసి మరీ పోయారు."

అక్క తెలుసుకుంది! మోకాళ్లు పీకుతున్నాయని నమ్మించి, ముందే పోయి ఎక్కడో కాపు కాస్తోంది. చియూ గారి పళ్లు చూస్తుంది. నిచ్చెన కూడా తెప్పిస్తుందేమో.

అతను గిరుక్కున వెనక్కి తిరిగి ఎడమచేతి సందులో దూరాడు. అది పాత వర్తకసంఘం వాకిట్లోకి తేలుతుంది. ఎండ కదా అని చుట్టుపక్కలవాళ్లంతా అక్కడ బొంతలు ఆరేశారు. ఎర్ర పువ్వులవి, నీలం చారలవి, తాడు తాడుకీ గోడల్లా వేలాడుతున్నాయి. జింగ్‌రూ బొంతల మధ్య వంగి వంగి నడుస్తూ ఎందుకో కిందికి చూశాడు.

ఎదుటి బొంత కింద రెండు పాదాలున్నాయి. నల్లగుడ్డ చెప్పులు, వాటి మీద ఆకుపచ్చ దారంతో కుట్టిన లతలు. ఆ లతలు కుట్టింది అక్కే.

ఆ పాదాలు కదలడం లేదు. జింగ్‌రూ కూడా కదల్లేదు. బొంతకి ఇవతల అతను, అవతల ఆమె. కోటు లోపల మూన్‌కేకుల నెయ్యి బొడ్డు దాకా జారింది. ఎంతసేపలా నిలబడ్డారో గాని, ఆఖరికి ఆకుపచ్చ లతలు మునివేళ్ల మీద లేచి, ఒక్కో అడుగే వేసుకుంటూ తలవాకిలి వైపు వెళ్లిపోయాయి.

'నన్ను చూసింది. చూసి కూడా అరవలేదు. అంటే అసలు మనిషి ఎవరో తెలిసేదాకా ఊరుకుంటుందన్నమాట' అనుకున్నాడు జింగ్‌రూ. అనుకుని, కాలువ గట్టునున్న దొడ్డిగుమ్మంలోంచి బయటపడి, బట్టలుతికేవాళ్ల మధ్యనుంచి రాతిమెట్లు దాటి, చుట్టూ తిరిగి పొడుగు సందు చేరుకున్నాడు.

ఆ సందు ఊళ్లోకల్లా ఇరుకైనది. మధ్యలో మండువా లేదు, దీపం లేదు. ఒకరు పోవచ్చు, ఇద్దరు పోలేరు. అటు దాటితే పార్కు గేటే. జింగ్‌రూ గోడ తడుముకుంటూ నడిచాడు. వెనక ఎవరో గ్యాస్ బండ భుజాన వేసుకుని సందులోకి వచ్చిన చప్పుడైంది. సగం దాటాడో లేదో, ఎదురుగా ఎవరో వస్తున్నారు. ఇద్దరూ ఒకర్నొకరు గుద్దుకున్నారు. మూన్‌కేకులు పచ్చడయ్యాయి.

"కళ్లు కనబడవా?" అంది ఎదుటి గొంతు.

ఆ గొంతు చీకట్లోనే కాదు, నీళ్లలో మునిగి విన్నా గుర్తుపడతాడు.

"అక్కా!"

"ఒరేయ్! నువ్వా? సిగ్గులేదురా నీకు, నా వెనక పడ్డానికి?"

"నేనా? నువ్వే నా వెంట పడుతున్నావు! ముందుకెళ్లిపోయి మళ్లీ వెనక్కొచ్చి పట్టుకుంటున్నావు!"

"నిన్ను తప్పించుకుందామనే వెనక్కొచ్చానురా, దద్దమ్మా! ఆ బొంతల దగ్గర నీ డ్రైవరు బూట్లు చూళ్లేదనుకున్నావా? మంగలి దగ్గరికన్నావు!"

"నువ్వు పడుకుంటానన్నావు!"

"తాతగారూ, భుజం పడిపోతోంది, కాస్త కదలండి" అన్నాడు వెనక గ్యాస్ బండ మోస్తున్నతను.

"ముందు ఆవిణ్ని కదలమను."

"పెద్దదాన్ని. నేనెందుకు వెనక్కి పోవాలి?" అంది పెయ్‌లాన్.

ఆమె వెనక అప్పటికే ఒకామె వలసంచీ నిండా బతికున్న పీతలతో వచ్చి నిలబడింది. "అమ్మా, నా పీతలు మీ లాగూ పట్టుకుంటే నన్ననకండి. ఏదో ఒకటి తేల్చుకోండి" అంది.

బండ మోస్తున్నతను దాన్ని కిందికి దించి టార్చి వేశాడు. వెలుతురు పెయ్‌లాన్ మొహం మీద పడింది. జింగ్‌రూ నోరు వెళ్లబెట్టాడు. అక్క కనుబొమలు చెవుల వైపు దూసుకుపోయేలా నల్లగా, ఏటవాలుగా దిద్ది ఉన్నాయి. బుగ్గల మీద గులాబీ రంగు.

"ఇదేంటే అక్కా? ఎవరైనా కొట్టారా?"

పీతలామె కిసుక్కుమంది. పెయ్‌లాన్ కొంగలా మెడ సాచి తమ్ముడి కోటు వైపు చూసింది. పై గుండీ ఊడి మీగడ రంగు కాలరు బయటపడింది.

"ఆ చొక్కా ఏంట్రా? ఆ నెయ్యి కంపేంటి?"

పీతలామె వెనక మరొకతను వచ్చి సైకిలు గంట కొట్టాడు.

"పాట" అంది పెయ్‌లాన్ చివరికి, గోడతో చెబుతున్నట్టు. "పార్కులో గురువారం గురువారం పాటనాటకం మేళం కూర్చుంటుంది. కొత్త సంవత్సరం పండగ అయిన దగ్గర్నుంచీ పాడుతున్నా. మగవేషం, కుర్ర పండితుడి వేషం. చాలా?"

"నువ్వా?"

"అదిగో! నవ్వుతావనే చెప్పలేదు. చిన్నప్పుడు నేను పాడితే నెత్తిన సత్తుగిన్నె బోర్లించుకునేవాడివి."

జింగ్‌రూ నవ్వబోయినవాడల్లా ఆగిపోయాడు. అవును, అక్క పాడేది. పదిహేడేళ్లప్పుడు నాటకం కంపెనీవాళ్లు ఇంటికొచ్చి గొంతు విని, రమ్మన్నారు కూడా. ఆ చలికాలమే అమ్మ పోయింది. కంపెనీ పడవెక్కి వెళ్లిపోయింది, అక్క ఉండిపోయింది. ఆ తర్వాత ఇంట్లో పాట వినపడలేదు. అది అతనికెప్పుడూ లోటుగా తోచలేదు. వేళకి అన్నం వచ్చేది మరి.

"ఆ కంపెనీ..." అని మొదలుపెట్టాడు.

"ఆపు. నేను వెళ్లుంటే నీకు అన్నమెవరు వండేవారు? ఇంక దాని మాటెత్తకు." ఆమె గొంతులో కోపం లేదు. "నీ సంగతి చెప్పు. ఎవర్రా ఆవిడ?"

"ఆవిడెవరు?"

"చెప్పేయండి తాతగారూ, మాకూ తెలుస్తుంది" అన్నాడు గ్యాస్ బండతను.

జింగ్‌రూ చెప్పాడు. వాన, మంటపం, నవ్వు, మందులకొట్టు, అన్నీ. ఎప్పుడూ ఇంత మాట్లాడి ఎరగడు. "అక్కా, ఆవిణ్ని నిచ్చెన ఎక్కించకు" అని ముగించాడు.

"ముందు చూడనీ" అంది పెయ్‌లాన్. అని, జీవితంలో మొదటిసారి వెనక్కి జరిగింది. ఆమె జరగడానికి పీతలామె జరగాల్సొచ్చింది, పీతలామె జరగడానికి సైకిలతను. అందరూ వెనక నడకన ఊరేగింపులా పార్కు గేటు ముందు తేలారు.

"నాకు దూరంగా నడు. నన్నెరగనట్టుండు" అని పెయ్‌లాన్ మంటపం వైపు వెళ్లిపోయింది.

చియూ గారు బెంచీ మీదే ఉంది. నలిగిన మూన్‌కేకులు చూసి నవ్వింది, కాగితం మీంచి చెంచాతో గీరి తింది. "రుచికేం లోటు లేదు, రూపమే మారింది" అంది. జింగ్‌రూ ధైర్యం తెచ్చుకున్నాడు.

"చియూ గారూ, మీరు ప్రతి గురువారం ఇక్కడికొచ్చేది..."

"మీకు చెప్పాలనే అనుకుంటున్నా" అంది ఆవిడ, బుగ్గలెర్రబడుతుండగా. "మీరు వేరేగా అనుకోకండి. ఒక మనిషి కోసం వస్తా."

జింగ్‌రూ కోటు విప్పేశాడు. చొక్కా కనబడనీ.

అప్పుడే మంటపంలో రెండు తంత్రుల ఫిడేలు మొదలైంది. మిగతా గురువారాల్లో అక్కకి అనుమానం రాకుండా ఈ వేళకి అతను ఇల్లు చేరిపోయేవాడు. చియూ గారు దిగ్గున లేచింది. "అదిగో, తావ్ మేష్టారి పాట! పట్టుకోండి ఇవి" అని తన సంచీ, ఫ్లాస్కు, గొడుగు అతని చేతుల్లో పడేసి పరుగెత్తింది.

గొడుగు చంకన పెట్టుకుని జింగ్‌రూ వెనకే వెళ్లాడు. జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో అక్క నిలబడి ఉంది, ఎవరిదో పొడుగు చేతుల తెల్ల అంగీ వేసుకుని. రేవులో పడవ కదిలిపోతుంటే కుర్ర పండితుడు ప్రియురాలి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం. మొదటి మాట అతి మెల్లగా వచ్చింది. పొద్దున్నే మోకాళ్లని తిట్టుకునే గొంతు అది కాదు. కింద బొంగురుగా మొదలై, నీళ్ల మీద గాలి పాకినట్టు పైకి పాకి, చివర ఒక్క అక్షరం దగ్గర విరిగీ విరగనట్టు ఆగింది. పంజరాల్లో పిట్టలు తెచ్చుకున్న ముసలాళ్లు సైతం మాటలాపారు.

జింగ్‌రూకి ఎందుకో తల వంగిపోయింది. ఇంత గొంతు పక్కగదిలో పెట్టుకుని, ఇన్నాళ్లూ కూరలో ఉప్పు తక్కువైందని చెబుతూ కూర్చున్నాడు. పక్కన చియూ గారు వెక్కివెక్కి ఏడుస్తూ, చేతిరుమాలు సంచీలో ఉండిపోవడంతో, అతని కొత్త చొక్కా చెయ్యి లాక్కుని ముక్కు తుడుచుకుంది.

పాట అయ్యాక అతను "మా అక్క" అన్నాడు.

"ఎవరు?"

"తావ్ మేష్టారు."

చియూ గారు అతని చెయ్యి వదిలేసింది. "ఇన్ని గురువారాలు నా పక్కన కూర్చుని తుమ్ముల గురించి, బస్సుల గురించి చెప్పారే! ఈ మాట చెప్పలేదేం?"

"నాకూ ఇందాకే తెలిసింది."

పెయ్‌లాన్ వచ్చింది. పరీక్ష చేసే కళ్లతోనే వచ్చింది. కానీ చియూ గారు రెండు చేతులూ పట్టేసుకుని, ఏ పంక్తి దగ్గర ఊపిరి ఎలా పట్టారో, ఏ మాట దగ్గర తనకి గుండె ఆగిందో ఏకరువు పెడుతుంటే, ఆ కళ్లు పని మానేశాయి. మోకాళ్ల గురించి అడగడం మర్చిపోయింది.

"పాడతావా?" అంది.

"అబ్బే, రాదండీ. మందులు తూచడమే వచ్చు."

"గొంతు బాగానే ఉంది. వచ్చే మంగళవారం ఇంటికి రా. ప్రియురాలి వేషానికి మనిషి లేక చస్తున్నాను."

చియూ గారు మంగళవారం వచ్చింది, శుక్రవారం వచ్చింది. కాలువ మీద మంచు కమ్మే రోజులకి వారంలో సగం సాయంత్రాలు అక్కడే ఉంటోంది. ముందు గదిలో పెయ్‌లాన్ ఆవిడ చెయ్యి పట్టుకుని నిన్ను విడిచి ఎలా బతకనని వాపోతుంటే, జింగ్‌రూ వంటింట్లో అన్నం వండడం నేర్చుకున్నాడు. మొదట మాడ్చాడు. తర్వాత తర్వాత బాగానే వచ్చింది.

ఆఖరికి ఓ రోజు చియూ గారు నీళ్ల కోసం వంటింట్లోకొస్తే, గరిటె చేతిలో పట్టుకునే అడిగేశాడు.

ఆవిడ నవ్వలేదు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "నాకిష్టమే. మేష్టారు ఒప్పుకోవాలి కదా" అంది.

"ఒప్పుకున్నాను" అంది పెయ్‌లాన్ ముందు గదిలోంచి. "ఒరేయ్, అన్నం దించు. ఏమ్మా, నువ్వు త్వరగా రా, పడవ వెళ్లిపోతోంది."